కాటన్ అల్లిక టాప్‌కి త్రీ ఫోర్త్ చేతులు వద్దు, పొట్టి చేతులు కావాలి. ఎలా మార్చాలి?

పాలకొల్లు_పిల్ల

అందరికీ నమస్తే అండి. ఎండాకాలానికని సన్న కాటన్ దారంతో ఒక టాప్ అల్లుతున్నాను. ముందు భాగం, వెనక భాగం అయిపోయాయి, భుజాలు కూడా కలిపేశాను, పక్కలు ఇంకా కుట్టలేదు. చేతుల దగ్గరకొచ్చి ఆగిపోయా. నమూనాలో ఇచ్చినవి త్రీ ఫోర్త్ చేతులు, విడిగా కింది నుంచి పైకి అల్లి తర్వాత చంకకి కుట్టాలి. ఆ నమూనా రాసినావిడ ఉండేది చలి దేశంలో, ఆవిడకి వేసవి అంటే మన సంక్రాంతి లాంటిది. ఇక్కడ మే నెలలో మోచేతికి గుడ్డ తగిలితేనే ఒళ్ళు మండిపోతుంది, పైగా ఈ ఉక్కపోత.

వివరాలు ఇవీ: 4 ప్లై అనే సన్న రకం కాటన్, 10 నంబర్ సూదులు, 10 సెంటీమీటర్లకి 22 కుట్లు, 30 వరసలు. నా చెయ్యి లావు పైన 12న్నర అంగుళాలు. చంక మొదట్లో ముందు 6, వెనక 6 కుట్లు ఒకేసారి మూసి, ఆ తర్వాత కొద్దికొద్దిగా తగ్గించాను. దారం ఇంకా 110 గ్రాములు మిగిలింది.

పొట్టి చేతులు పెట్టాలా, భుజం మీద చిన్న రెక్కలా వచ్చేవి పెట్టాలా, అసలు చేతులే లేకుండా వదిలేయాలా? నమూనాలో ఉన్న చెయ్యి పైభాగం అలాగే ఉంచి కింద పొడవు మాత్రం తగ్గిస్తే సరిపోతుందా? నా దగ్గర మామూలు పొడుగు సూదులే ఉన్నాయి, గుండ్రంగా అల్లే వైరు సూదులు లేవు.

బద్ధకం_బుజ్జి

వదిలెయ్ అమ్మా, చేతులెందుకు. చంక చుట్టూ లేసు సూదితో, అదే కొక్కెం సూదితో, ఒక వరస సింగిల్ క్రోషా (లేసు అల్లికలో మామూలు పొట్టి కుట్టు) వేసెయ్, సాయంత్రానికి వేసుకుని పేరుపాలెం బీచ్‌కి వెళ్ళొచ్చు. సగం అల్లి మూలన పడేసిన టాప్‌లు మా ఇంట్లో ఒక బీరువాడు ఉన్నాయి, అన్నీ చేతుల దగ్గర ఆగినవే.

అత్తిలి_కోడలు

బుజ్జి మాట వినకు. చేతుల్లేకుండా వదిలేయడం తప్పు కాదు గానీ, చేతులు పెట్టడానికని కోసిన చంక వేరు, చేతుల్లేని టాప్ చంక వేరు. నువ్వు భుజం వెడల్పుగా, చంక లోతుగా అల్లుంటావు. ఉన్నదున్నట్టు వదిలేస్తే చెయ్యెత్తినప్పుడల్లా లోపలిది కనిపిస్తుంది, భుజం అంచు బయటికి వాలిపోయి ఎటూ కాకుండా ఉంటుంది.

ముందు ఒక సంగతి చెప్పు. ఆ రెండు భాగాలూ తడిపి ఆరబెట్టావా? ఊలు సాగినా మళ్ళీ దగ్గరకి వస్తుంది, కాటన్ రాదు. సాగిందంటే సాగినట్టే. పైగా నూలు బరువు, ఆ బరువంతా భుజం మీద వేలాడుతుంది కాబట్టి పొడవు వైపు జారుతుంది. సూది మీద ఉండగా 7 అంగుళాలు కొలిచిన చంక ఉతికాక 7 ఉంటుందని నమ్మకం లేదు. నమూనాలో చెయ్యి పైభాగం వాళ్ళ చంక కొలతకి సరిపోయేలా రాశారు, నీ చంక ఎంతుందో తేలకుండా దాన్ని అల్లితే కుట్టేటప్పుడు ఒకచోట లాగుతుంది, ఇంకోచోట ముడతలు వస్తాయి. కింద పొడవు తగ్గించడం పెద్ద పని కాదు, కావలసిన వెడల్పుకి కుట్లు ఎక్కించి రెండంగుళాలు అల్లి పైభాగం మొదలుపెట్టడమే. చిక్కంతా పైభాగంలోనే ఉంది.

ఇంకో లెక్క కూడా చూసుకో. వెనక భాగాన్ని వంటింటి త్రాసు మీద పెట్టి బరువెంతో చెప్పు. వెడల్పు, పొడవు కూడా.

పాలకొల్లు_పిల్ల

తడపలేదండి అక్కా. ఇప్పుడు తడిపి, నీళ్ళు పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కి, చాప మీద పరిచాను. ఈ గాలికి ఎప్పటికి ఆరుతుందో ఏమో. ఆరాక కొలిచి చెప్తాను.

డాలస్_భీమవరం

ఈలోగా నాదొక మాట. ఆ నమూనా అమెరికాదైతే సూది నంబర్ చూసుకున్నారా? మనూళ్ళో అమ్మేవి పాత ఇంగ్లీషు నంబర్లు, నంబర్ పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. మన 10 నంబర్ అంటే 3.25 మిల్లీమీటర్లు. అమెరికా 10 నంబర్ అంటే 6 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెట్టింపు లావు. వాళ్ళ 3 నంబర్, మన 10 నంబర్ ఒకటే. చేతుల అంచుకి రెండు సైజులు సన్నవి వాడమంటే వాళ్ళ లెక్కలో నంబర్ తగ్గాలి, మన లెక్కలో పెరగాలి. మిల్లీమీటర్లు చూసుకుంటే ఏ గొడవా లేదు.

ఇక్కడ ఆఫీసులో ఏసీకి వణికిపోతాం, అందుకని నేను త్రీ ఫోర్త్ చేతులే అల్లుకుంటాను. భీమవరం వచ్చినప్పుడు అవే వేసుకుని బస్సెక్కితే జనం జాలిగా చూస్తారు.

పాలకొల్లు_పిల్ల

ఆరిందండి. చంక లోతు 7 ఉన్నది ఏడున్నర అయింది. అక్క చెప్పినట్టే జరిగింది. నమూనా మిల్లీమీటర్లలోనే ఉంది, 3.25 అని, కాబట్టి సూది సరిపోయింది. వెనక భాగం 90 గ్రాములు. చంకలు, మెడ పోగా సుమారు 360 చదరపు అంగుళాలు తేలింది.

అత్తిలి_కోడలు

అంటే గ్రాముకి 4 చదరపు అంగుళాలు. ఇప్పుడు చూడు. పొట్టి చెయ్యి ఒక్కోటి పైభాగంతో కలిపి ఓ 80 చదరపు అంగుళాలు ఉంటుంది, 20 గ్రాములు. త్రీ ఫోర్త్ అయితే 190 దాకా పోతుంది, 47 గ్రాములు పైచిలుకు. దారం దేనికైనా సరిపోతుంది, ఆ టెన్షన్ అక్కర్లేదు. కానీ రెండు చేతులకీ కలిపి పొట్టివైతే 40 గ్రాములు, పొడుగువైతే 95 గ్రాములు భుజం కుట్టు మీద వేలాడతాయి. అది పొడి బరువు. మన ఉక్కలో చెమట పీల్చాక ఇంకా ఎక్కువ. వేడి సంగతి ఒక్కటే కాదు, భుజం జారకుండా ఉండాలన్నా పొట్టి చేతులే మేలు.

ఊలుబంతి

ఆలస్యంగా వచ్చాను, కానీ అసలు విషయం ఎవరూ చెప్పలేదు కాబట్టి పెద్దగానే రాస్తున్నా, ఓపికగా చదవండి.

నమూనాలో చెయ్యి పక్కన పెట్టేయండి. చంక అంచు నుంచే కుట్లు ఎత్తుకుని, చెయ్యిని పై నుంచి కిందకి అల్లండి. అప్పుడు చంక 7 అయినా ఏడున్నర అయినా చెయ్యి దానికి తగ్గట్టే పుడుతుంది, తర్వాత కుట్టి అతికించే బాధ లేదు, పొడవు ఎంత కావాలంటే అంత దగ్గర ఆపుకోవచ్చు, వేసుకుని చూసి నచ్చకపోతే అంచు విప్పి ఒక అంగుళం తగ్గించుకోవచ్చు. వైరు సూదులు లేవన్నారు, ఫరవాలేదు, పక్కలు ఇంకా కుట్టలేదు కాబట్టి చంక అంచు మొత్తం తెరిచి పరుచుకునే ఉంది. మామూలు సూదులతో అటూ ఇటూ అల్లుకుంటూ పోవచ్చు. చివర్లో టాప్ పక్క, చెయ్యి కింద ఒకే కుట్టుగా వేసేయొచ్చు.

ఎన్ని కుట్లు? చెయ్యి లావు 12న్నర, దానికి ఒక అంగుళం లూజు, పదమూడున్నర. కాటన్ సాగితే మళ్ళీ దగ్గరకి రాదు కాబట్టి ఒంటికి అతుక్కునేలా అల్లకండి, అలాగని రెండంగుళాల పైన లూజు ఇస్తే సన్న దారంలో సంచిలా తయారవుతుంది. 10 సెంటీమీటర్లకి 22 అంటే అంగుళానికి ఐదున్నర. పదమూడున్నరని ఐదున్నరతో గుణిస్తే 74. పక్క కుట్టులోకి రెండు వైపులా ఒక్కోటి పోతుంది, కాబట్టి 76.

ఈ 76లో చంక మొదట్లో మీరు మూసిన 6, 6 కుట్లకి ఒక్కోదానికి ఒక్కోటి చొప్పున 12. మిగిలినవి 64, అంటే భుజం కుట్టుకి ఇటు 32, అటు 32. ఏడున్నర అంగుళాల చంకకి వరసలు 56 ఉంటాయి. రెండు వరసలకి ఒకటి ఎత్తుకుంటే 28 వస్తాయి, ఇంకో నాలుగు మధ్యమధ్యలో కలపండి. ముందే నాలుగు భాగాలు చేసి సేఫ్టీ పిన్నులు పెట్టుకుంటే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ కాకుండా ఉంటుంది. అంచు మీద ఉన్న వదులు కుట్టులోంచి కాకుండా, ఒక కుట్టు లోపల నుంచి ఎత్తుకోండి, లేకపోతే చిల్లులు పడతాయి.

ఎత్తుకున్నాక మొత్తం వరస అల్లకూడదు, అసలు కిటుకు ఇక్కడుంది. భుజం కుట్టు దాటి 10 కుట్లు అల్లి ఆగాలి. తర్వాతి కుట్టు చుట్టూ దారం ఒకసారి తిప్పి, పని వెనక్కి తిప్పి, పర్ల్‌లో (ఉల్టా కుట్టులో) 20 కుట్లు రావాలి, అంటే భుజం కుట్టుకి అవతల 10 దాకా. అక్కడా అంతే, తర్వాతి దానికి దారం తిప్పి వెనక్కి. అక్కడి నుంచి ప్రతి వరసలోనూ ఆ దారం తిప్పిన కుట్టుని, దాని మెడలో ఉన్న దారాన్ని కలిపి అల్లి, దాని పక్క కుట్టుకి దారం తిప్పి వెనక్కి మళ్ళాలి. వరసకో కుట్టు పెరుగుతూ పోతుంది. భుజం మీద ఎక్కువ వరసలు, చంక వైపు తక్కువ వరసలు పడి చెయ్యి దానంతటదే గుండ్రంగా వంపు తిరుగుతుంది. అటూ ఇటూ 22, 22 కుట్లు అయ్యేసరికి 44 వరసలు, అంటే దాదాపు 6 అంగుళాల ఎత్తు. చంక దగ్గరి 12 కుట్లు చేరాక 76 మీదా మామూలుగా అటూ ఇటూ అల్లుకోవడమే. రెండంగుళాలంటే 15 వరసలు, అంత చిన్నదానికి తగ్గింపులు అక్కర్లేదు.

భుజం మీద రెక్కలాంటిది కావాలంటే ఇదే పద్ధతిలో ఆ 12 కుట్ల దాకా వెళ్ళకుండా ఇంకా పైనే ఆపేసి, చంక చుట్టూ అంచు వేసేయడమే. చంక కింద గుడ్డే ఉండదు కాబట్టి చెమట మరక పడదు. మన వాతావరణానికి నా ఓటు దానికే.

మిషన్_మావయ్య

నేను అల్లిక మనిషిని కాదమ్మా, కాకినాడలో జాకెట్లు కుట్టుకునేవాడిని, మా ఆవిడ ఈ చర్చ చూపించి నువ్వేమంటావు అంది. ఊలుబంతిగారు చెప్పింది బాగుంది గానీ 6 అంగుళాల ఎత్తు గురించి ఒక మాట. చెయ్యి పైభాగం ఎత్తు ఎక్కువ పెడితే చెయ్యి దించుకుని నిలబడ్డప్పుడు ముడత లేకుండా చక్కగా కూర్చుంటుంది, ఫోటోకి బాగుంటుంది. కానీ చెయ్యెత్తితే టాప్ అంతా పైకి లేస్తుంది. ఎత్తు తగ్గిస్తే చంక కింద కాస్త ముడత వస్తుంది, చెయ్యి మాత్రం హాయిగా లేస్తుంది. దండెం మీద బట్టలు ఆరేసేవాళ్ళకి, బస్సులో రాడ్డు పట్టుకునేవాళ్ళకి నేను ఎత్తు తక్కువే పెడతాను. పెళ్ళి జాకెట్టైతే ఎక్కువ పెడతాను.

కొలతకి టేపుతో ఒంటి మీద తంటాలు పడొద్దు. నీకు బాగా అమరిన ఆది జాకెట్టు ఒకటి తీసుకుని చెయ్యి లూజు, చంక చుట్టుకొలత దాని మీద చూడు. ఇంకోటి, భుజం కుట్టు లోపలి వైపు సన్న నాడా ముక్క పెట్టి చేత్తో కుట్టెయ్. మెడ దగ్గర నుంచి చంక దాకా. భుజం ఇంక జారదు. నాడా ముందే ఒకసారి తడిపి ఆరబెట్టు, లేకపోతే ఉతికాక అది కుంచించుకుపోయి భుజాన్ని పట్టేస్తుంది.

ఊలుబంతి

మావయ్యగారూ, మంచి మాట చెప్పారు, నాకూ పనికొస్తుంది. పిల్లగారూ, మావయ్యగారి లెక్క అల్లికలో చాలా తేలిక. మొదట 20 కుట్లతో మొదలుపెట్టమన్నాను కదా, దాన్ని 32 చేయండి, భుజానికి ఇటు 16, అటు 16. అప్పుడు మిగిలేవి 32 కుట్లు, 32 వరసలు, ఎత్తు నాలుగుంపావుకి దిగుతుంది. చెయ్యి కొంచెం పక్కకి నిలబడినట్టుంటుంది, ఒంటికి అతుక్కోదు. మధ్యస్తంగా కావాలంటే 26. మొదటి అంకె ఒక్కటీ మారిస్తే చెయ్యి తీరే మారిపోతుంది.

లేసు_పువ్వు

అందరూ అల్లిక చేతులే అంటున్నారు, పక్కనే నరసాపురం ఉంది, పాలకొల్లు నుంచి ఎంతసేపు! ఆ చేతులు లేసుతో ఎందుకు పెట్టకూడదు? మా అమ్మమ్మ, మా అమ్మ, ఇప్పుడు నేను, అరుగు మీద కూర్చుని చేసే పని ఇదే. 1840ల ప్రాంతంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీల ద్వారా మా వైపుకి వచ్చిందంటారు, 2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకే అన్న గుర్తింపు కూడా వచ్చింది. రుస్తుంబాదలో లేసు పార్కు ఉంది. గుర్తింపు వచ్చింది గానీ చేసేవాళ్ళ చేతికి వచ్చే డబ్బు సంగతి అడక్కండి. దారం ఇచ్చి, పువ్వుకింత అని లెక్కగట్టి పట్టుకెళ్తారు, కళ్ళు మాత్రం మావి పోతాయి. సరే, అది వేరే కథ.

మీ టాప్‌కి భుజం దగ్గర అల్లిక ఒక అంగుళం, అంగుళంన్నర దాకా రెక్కలా వేసి, అక్కడి నుంచి కింద రెండంగుళాల లేసు అతికించండి. 4 ప్లై దారంతో కాదు, సన్న లేసు దారంతో చేసింది, 40 నంబర్ లాంటిది. తేలికగా ఉంటుంది, గాలి ఆడుతుంది. పువ్వులు విడిగా చేసుకుని తర్వాత అతుకు పని చేసుకోవచ్చు, మా దగ్గర పువ్వులు చేసేవాళ్ళు వేరు, అతుకు పని చేసేవాళ్ళు వేరు. ఒకళ్ళే రెండూ చేసుకుంటే సమయం పడుతుంది, అంతే.

అత్తిలి_కోడలు

లేసు అందం కాదనను. కానీ అమ్మా, అల్లిక సాగుతుంది, లేసు సాగదు. రెండింటినీ కలిపిన చోట పట్టేస్తుంది. మా ఆడపడుచు టాప్‌కి అలాగే పెడితే చెయ్యి దూర్చలేక దూర్చలేక వేసుకునేది. పైగా గంజి పెట్టి ఇస్తారు, చెమటకి అది చర్మం మీద గీరుకుంటుంది.

లేసు_పువ్వు

పట్టేసేది లేసు వల్ల కాదక్కా, కొలత వల్ల. లేసు చుట్టుకొలతని చెయ్యి లావు కంటే ఒకటిన్నర అంగుళాలు ఎక్కువ పెట్టాలి, అంటే ఈ అమ్మాయికి 14. అల్లిక అంచుని దానికి సర్దుకుంటూ అతకాలి, లేసుని అల్లికకి సర్దకూడదు. ముందు టాప్ దారంతోనే అంచు మీద ఒక వరస సింగిల్ క్రోషా వేసి, చుట్టుకొలత 14 వచ్చిందో లేదో చూసి, ఆ వరసకి సన్న దారంతో లేసు అతకాలి. అంచు మీద నాలుగు వరసలకి మూడు కుట్లు వేస్తే మామూలుగా సరిపోతుంది. అంచు నొక్కుకుపోతుంటే కుట్లు పెంచాలి, అలల్లా లేస్తుంటే తగ్గించాలి.

గంజి సంగతి మాత్రం నిజమే. గంజి, పిన్నులు, ఇస్త్రీ అంతా అమ్మకానికి నిలబడి కనిపించడం కోసం చేసేది. ఒంటి మీదకైతే కొన్న లేసుని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి గంజి అంతా పోగొట్టి, ఆరాక అతకండి. నానబెడితే కుంచించుకునేది కూడా ముందే కుంచించుకుంటుంది. టాప్ రంగేంటి? ముదురు రంగైతే, తెల్ల గుడ్డ తడిపి దాని మీద గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకి రంగంటితే తెల్ల లేసు దాని జోలికి పోకూడదు.

బద్ధకం_బుజ్జి

ముదురు ఆకుపచ్చ అని పందెం.

పాలకొల్లు_పిల్ల

మామిడికాయ పచ్చ 🙂 గుడ్డకి రంగు కొంచెం అంటింది, కాబట్టి తెల్ల లేసు ఈసారికి వద్దులెండి. వచ్చేసారి తెల్ల దారంతో టాప్ మొదలుపెట్టినప్పుడు లేసు_పువ్వు గారినే పట్టుకుంటాను.

ఊలుబంతిగారి పద్ధతిలో 26తో మొదలుపెట్టి పొట్టి చేతులు వేశాను. రెక్కలాంటివి నాకు నచ్చాయి గానీ అమ్మ ఒప్పుకోలేదు, ఆవిడతో వాదించే ఓపిక ఎండల్లో లేదు. ఎడమ చెయ్యి అయిపోయింది. వంపు భలే తిరిగిందండి! భుజం దగ్గర ఒక్క ముడత లేదు. ఒక్కటే ఇబ్బంది, చివర కుట్లు మూశాక అంచు బయటికి విచ్చుకుంటోంది, గొడుగులా, దానికి తోడు పైకి చుట్టుకుపోతోంది. తగ్గింపులు వేసి బిగించనా?

ఊలుబంతి

తగ్గించకండి. మీకున్న లూజే ఒక అంగుళం, 8 కుట్లు తగ్గించారంటే అది కాస్తా పోయి చెయ్యి మీద గీత పడుతుంది. ఒక వరస నిట్ (సీదా), ఒక వరస పర్ల్ వేసే సాదా అల్లిక ఎప్పుడూ అంచు దగ్గర చుట్టుకుంటుంది, దాని స్వభావం అది, ఉతికినా ఇస్త్రీ చేసినా మళ్ళీ చుట్టుకుంటుంది. చివరి నాలుగైదు వరసలు విప్పి, 11 నంబర్ సూదులతో, అంటే 3 మిల్లీమీటర్లవి, రెండు వైపులా నిట్ వచ్చేలా ఆరు వరసలు వేయండి. కుట్లు అన్నే, సూది మాత్రం సన్నది. చుట్టుకోదు, విచ్చుకోదు. మూసేటప్పుడు మాత్రం మళ్ళీ 10 నంబర్ సూది పట్టుకోండి, సన్న సూదితో మూస్తే తాడులా బిగుస్తుంది.

ఊలు స్వెట్టర్లకి వేసే ఒక నిట్ ఒక పర్ల్ బోర్డరు ఇక్కడ వద్దు. కాటన్‌లో అది మొదటి ఉతుకు దాకా పట్టుకుంటుంది, తర్వాత నోరు తెరుస్తుంది.

మిషన్_మావయ్య

అంచు మడిచి లోపల కుట్టేస్తే సరిపోదా?

ఊలుబంతి

సరిపోతుంది మావయ్యగారూ, కానీ రెండు మడతలు కదా, చెయ్యి చుట్టూ అంత మందం ఉంటే ఆరడం ఆలస్యం. జులై ముసురులో అక్కడే వాసన పట్టేస్తుంది.

అత్తిలి_కోడలు

కుడి చెయ్యి మొదలుపెట్టే ముందు ఎడమ చెయ్యి వివరాలన్నీ కాగితం మీద రాసిపెట్టుకో. ఎటు వైపు ఎన్ని ఎత్తుకున్నావు, అదనపు నాలుగు ఎక్కడ కలిపావు, కింద ఎన్ని వరసలు, అన్నీ. గుర్తుంటుందిలే అనుకుంటాం, వారం ఆగి మళ్ళీ పట్టుకుంటే చెయ్యి బిగువే మారిపోతుంది, ఒకటి పొట్టి ఒకటి పొడుగు అవుతుంది. వీలైతే ఆగకుండా వెంటనే మొదలుపెట్టెయ్.

రాజోలు_రాణి

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను మా పాపకి మెడ నుంచి కిందకి రాగ్లాన్ టాప్, అంటే చేతులు మెడ దగ్గర నుంచే ఏటవాలుగా చంక దాకా వచ్చేది, అల్లుతున్నాను, ఎనిమిదేళ్ళది. ఒక వరస విడిచి ఒక వరసలో 8 కుట్లు పెంచుకుంటూ చంక దాకా వచ్చాను, చేతుల కుట్లు వేరే దారానికి ఎక్కించి పక్కన పెట్టాను. దీనికి చెయ్యి పైభాగం ఎత్తు, అదంతా వర్తిస్తుందా? పాపకి చేతులు వద్దంటోంది, గుచ్చుకుంటున్నాయట.

ఊలుబంతి

ఆ బాధ మీకు లేదండి, రాగ్లాన్‌లో భుజం మీద భాగం ఇప్పటికే చెయ్యి పైదాకా వచ్చేసింది. చేతులు వద్దంటే పక్కన పెట్టిన కుట్లని సన్న సూదికి ఎక్కించి, చంక కింద మీరు కొత్తగా కలిపిన కుట్లని కూడా ఎత్తుకుని, రెండు వరసలు వేసి మూసేయండి. చిన్న పొట్టి చెయ్యి ఉన్నట్టే ఉంటుంది. చంక మూలల్లో చిల్లు పడుతుంది, అందరికీ పడేదే, అక్కడ ఇటొకటి అటొకటి కుట్టు అదనంగా ఎత్తుకుని మరుసటి వరసలో పక్కదానితో కలిపి అల్లేయండి.

అత్తిలి_కోడలు

గుచ్చుకుంటోందంటే దారం ఏదో చూడు రాణీ. కాటన్ అని అమ్మినా కొన్నిట్లో యాక్రిలిక్ కలుస్తుంది. ఒక పోగు తీసుకుని గిన్నె మీద పట్టుకుని అంటించి చూడు, పాప దగ్గర లేనప్పుడు. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదవుతుంది, యాక్రిలిక్ అయితే కరిగి గట్టి నల్ల ఉండ కడుతుంది.

రాజోలు_రాణి

ఆయ్, చూశానండి. ఉండే కట్టింది.

అత్తిలి_కోడలు

అయితే గుచ్చుకునేది అదే అయ్యుంటుంది. ఇంత అల్లాక విప్పమని చెప్పను. చేతులు తీసెయ్, లోపల పల్చటి నూలు షిమ్మీ వేసి తొడుగు. నవంబరు దాకా దాచిపెట్టి అప్పుడు తీసినా సరే, పిల్లలు పొడుగవుతారు కాబట్టి కింద రెండంగుళాలు ఎక్కువే అల్లు. ఇంకోటి, రాగ్లాన్‌కి భుజం కుట్టు ఉండదు, మావయ్య చెప్పిన నాడా పెట్టడానికి చోటుండదు. మెడ వెనక లోపలి వైపు లేసు సూదితో ఒక గొలుసు వరస, ఒక భుజం గీత నుంచి ఇంకో భుజం గీత దాకా వేసెయ్, మెడ జారకుండా ఆపుతుంది.

పాలకొల్లు_పిల్ల

అక్కా, ఆ గొలుసు వరస నా టాప్ మెడకి కూడా వెయ్యొచ్చా? భుజాలకి నాడా పెట్టేశాను గానీ మెడ వెనక కొంచెం వదులుగానే ఉంది.

అత్తిలి_కోడలు

వెయ్యి. కాకపోతే వేసే ముందు ఒకసారి తొడుక్కుని అద్దంలో చూసుకో, తల దూరేంత చోటు వదలాలి కదా.